ఈ వారం ఏం చూడాలి? కమెడియన్ చెప్పే చిట్టాకు, మన దక్కనీ నవ్వుకు ఉన్న లింకేంటి?

వీకెండ్ దగ్గర పడితే చాలు, కొందరు స్టాండప్ కమెడియన్లు ఇన్‌స్టాలోనో, పాడ్‌కాస్ట్ చివర్లోనో ఓ చిన్న చిట్టా చెబుతుంటారు. ఈ వారం నాకు నచ్చిన సినిమా ఇది, విన్న పాట ఇది, సగం చదివి ఆపలేకపోయిన పుస్తకం ఇది, ఆదివారం ఫలానా వాళ్ల షో ఉంది, తప్పకుండా వెళ్లండి అని. విదేశీ పత్రికలకు ఇది కొత్తేం కాదు. గార్డియన్ పత్రిక ఆస్ట్రేలియా ఎడిషన్ అయితే ఒక్కో కమెడియన్‌ను పిలిచి, ఇంటర్నెట్‌లో నిన్ను బాగా నవ్వించిన పది ఏంటో చెప్పు అంటూ ఒక శీర్షికే నడిపింది.

పైకి టైంపాస్ వ్యవహారంలానే ఉంటుంది. కానీ లైవ్ కామెడీ బతికేదే ఈ నోటి మాట మీద. ఎందుకో అర్థం కావాలంటే ముందు ఒక జోకు ఎలా తయారవుతుందో తెలియాలి.

సినిమాకు ట్రైలర్ ఉంటుంది, పాటలు ముందే వస్తాయి, మొదటి ఆట అయ్యేలోపు రివ్యూలు వచ్చేస్తాయి. పుస్తకమైతే షాపులో నిలబడి నాలుగు పేజీలు తిప్పొచ్చు. లైవ్ కామెడీకి ఆ వీలు లేదు. కమెడియన్ రాసుకున్నది మొదట ఓపెన్ మైక్‌లో పరీక్షకు పెడతాడు. నాలుగైదు నిమిషాలే టైమ్ ఇస్తారు. అందులో చాలా జోకులు అక్కడే పడిపోతాయి. మిగిలినవాటిని సాన పెట్టి, ఇంకో పది చోట్ల చెప్పి, మాటలు అటూ ఇటూ మార్చి, నెలల తర్వాత గంట షో చేస్తాడు. ఊళ్లు తిరిగి, ఆఖర్న రికార్డ్ చేసి వదులుతాడు. వదిలాక ఆ జోకులు మళ్లీ స్టేజి మీద చెప్పడం కష్టం, ఎందుకంటే అందరికీ ముగింపు తెలిసిపోయింది. అందుకే హాల్లో ఫోన్లు తీయొద్దని అంత గట్టిగా చెబుతారు. మధ్యలో ఎవరో ఒక ముక్క రికార్డ్ చేసి బయట పెడితే ఆరు నెలల కష్టం పోయినట్టే. పొగరుతో చెప్పే మాట కాదది.

అంటే సరుకు చూపించకుండా అమ్మాలి. బీకాంలో మాకు దీని గురించి ఒక పాఠం ఉండేది: కొన్నాకే నాణ్యత తెలిసే సరుకు. టైలర్ కుట్టు, డాక్టర్ చెయ్యి, కొత్త హోటల్లో బిర్యానీ అన్నీ ఈ కోవలోవే. వీటికి బోర్డు ఎంత పెద్దది కట్టినా లాభం లేదు. మనం నమ్మే మనిషి ఒకరు "అక్కడ బాగుంటుంది, పో" అనాలి. లైవ్ షోకు ఆ మాట చెప్పాల్సిన మనిషి ఇంకో కమెడియనే.

కారణం సింపుల్. తన వంతు వచ్చేదాకా హాల్ వెనక నిలబడి మిగతావాళ్లను రోజూ చూసేది అతనే. ఒకే జోకు ఒక రోజు పేలి ఇంకో రోజు తుస్సుమనడం కళ్లారా చూస్తాడు. ఎవరిది సొంత సరుకో, ఎవరు ఎక్కడి నుంచి ఎత్తుకొచ్చారో కూడా తెలుసు. రోజూ మిఠాయి చేసేవాడికి మిఠాయి మొహం మొత్తినట్టు వీళ్లకు జోకులు అంత తేలిగ్గా ఎక్కవు. అలాంటివాడు నవ్వాడంటే దానికో విలువ ఉంది.

అలాగని కళ్లు మూసుకుని నమ్మమని అనను. ఇది చిన్న ప్రపంచం. ఈ వారం నేను నీ షో గురించి చెప్తా, వచ్చే వారం నువ్వు నాది చెప్పు అనే లెక్క కూడా నడుస్తుంది. నా మట్టుకు నేను ఒకటే చూస్తాను. ఎందుకు నచ్చిందో చెప్పాడా, లేక "కిరాక్ షో భాయ్, మిస్ అవ్వొద్దు" అని వదిలేశాడా? అలాగే చిట్టాలో అన్నీ తన దోస్తుల షోలే ఉంటే అది ప్రకటన. మధ్యలో ఒక ఖవ్వాలీ, ఒక పాత నాటకం, ఎవరికీ తెలియని ఒక కథల పుస్తకం ఉంటే ఆ మనిషి నిజంగానే చూసి, చదివి చెబుతున్నట్టు.

టికెట్ కొనే ముందు

షో పేరు కింద ఏం రాసి ఉందో చదవండి. ఓపెన్ మైక్ అంటే కొత్తవాళ్ల పరీక్ష. టికెట్ చవక, కానీ సగం జోకులకు నవ్వు రాకపోవచ్చు. దానికి కోప్పడి లాభం లేదు. లైనప్ షో అంటే నలుగురైదుగురు కలిసి తలా కొంత సేపు చేస్తారు, మొదటిసారి వెళ్లేవాళ్లకు ఇదే మేలు. ట్రయల్ అని ఉంటే ఇంకా ఉడకని సరుకు. పేరున్న కమెడియన్ తక్కువ రేటుకు దొరికేది ఇక్కడే, చేతిలో కాగితం చూసుకుంటూ చెప్పినా ఏమనుకోకూడదు. సోలో అంటే గంటా గంటన్నర ఒక్కరే.

చాలా టికెట్లు 499 రూపాయలే ఎందుకు ఉంటాయని ఎప్పుడైనా అనుకున్నారా? బాటా చెప్పుల రేటు ట్రిక్కు ఒకటి ఎలాగూ ఉంది. దాంతోపాటు, నాటకం, సంగీత కచేరీ లాంటి వాటికి మనిషికి 500 రూపాయల లోపు టికెట్ మీద జీఎస్టీ మినహాయింపు ఉంది. అది దాటితే పన్ను పడుతుంది. నిర్వాహకులు ఈ గీత చూసుకునే రేటు పెడతారని నా అనుమానం.

ఇంకో ముఖ్యమైన విషయం, మన ఇళ్లలో అందరూ అడిగేది: అమ్మీతో, పిల్లలతో వెళ్లొచ్చా? బుకింగ్ పేజీలో భాష, వయసు రాసి ఉంటాయి. 18 దాటినవాళ్లకే అని ఉంటే బూతులుంటాయనే అనుకోండి. ఇక్కడ కూడా కమెడియన్ చిట్టా పనికొస్తుంది. ఎవరు బూతు లేకుండా గంట లాగగలరో వాళ్లలో వాళ్లకు బాగా తెలుసు, అది తమలో తాము మెచ్చుకునే విషయం కూడా.

ఇక షో ఉంటుందా, రద్దవుతుందా అనేది వేరే సంగతి. మునవ్వర్ ఫారూఖీ 2021 జనవరి 1న ఇండోర్‌లో అరెస్టయి, ఫిబ్రవరి 5న సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర బెయిల్‌తో బయటికొచ్చాడు. అదే ఏడాది నవంబర్‌లో బెంగళూరు షోకు పోలీసులు పర్మిషన్ ఇవ్వలేదు. 2022 ఆగస్టు 20న మన శిల్పకళా వేదికలో మాత్రం గట్టి బందోబస్తు మధ్య షో జరిగింది. అతని జోకులు నచ్చాయా లేదా అనేది ఎవరిష్టం వాళ్లది. కానీ అంత హడావుడిలోనూ టికెట్ కొని వెళ్లి కూర్చున్న జనం ఉన్నారు కాబట్టే ఆ షో షో అయింది.

చిట్టా మనకు కొత్తా?

స్టాండప్ అనే మాట రాకముందే హైదరాబాద్‌లో ఈ పని చేసే మనిషి ఉన్నాడు. ముషాయరా నాజిమ్. షాయర్‌ను పిలిచే ముందు అతని గురించి రెండు మాటలు చెప్పి, సభను సిద్ధం చేసి, ఎవరి తర్వాత ఎవరు రావాలో చూసుకునేది అతనే. నాజిమ్ మంచివాడైతే కొత్త కుర్రాడు కూడా వాహ్ వాహ్ అనిపించుకుని దిగుతాడు. ఇవాళ కామెడీ షోలో హోస్ట్ చేసేది అచ్చం ఇదే పని. పేరే మారింది.

నవ్వు కోసమే ముషాయరాలు, మెహఫిళ్లు పెట్టిన ఊరు ఇది. 1962లో జిందా దిలానే హైదరాబాద్ అనే సంస్థ పుట్టింది. తర్వాతి కాలంలో దానికి అధ్యక్షుడిగా ఉన్న నరేంద్ర లూథర్ పంజాబ్‌లో పుట్టిన ఐఏఎస్ అధికారి, ఉర్దూలో హాస్యం రాసినవారు. 1968లో ముస్తఫా కమాల్ "షగూఫా" అనే హాస్య మాసపత్రిక మొదలుపెట్టి ఐదు దశాబ్దాలకు పైగా నడిపారు. కేవలం నవ్వు కోసం ఒక ఉర్దూ పత్రిక అన్నేళ్లు నడవడం చిన్న విషయమా! సియాసత్ పత్రికలో 1962లో హాస్య కాలమ్‌తో మొదలైన ముజ్తబా హుస్సేన్‌కు 2007లో పద్మశ్రీ వచ్చింది. ఆయన 2020 మేలో చనిపోయారు.

స్టేజి సంగతికొస్తే బబ్బన్ ఖాన్ "అద్రక్ కే పంజే" 1965లో మొదలై 2001 దాకా ఆడింది. తక్కువ జీతం, ఎక్కువ సంతానం ఉన్న ఓ గుమాస్తా తిప్పలే కథ. ఒక్క మనిషి నడిపిన నాటకంగా గిన్నిస్ బుక్‌కు ఎక్కింది. 36 ఏళ్లు! అప్పుడు ఇన్‌స్టా లేదు. చూసి వచ్చినవాళ్లు ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ చెబితే విన్నవాళ్లు వెళ్లారు.

అన్నిటికంటే ఎక్కువగా నేను చెప్పాలనుకున్నది దక్కనీ షాయరీ గురించి. బీదర్ జిల్లా చిట్‌గుప్పలో పుట్టిన సులేమాన్ ఖతీబ్ "సాస్ బహు", "పహిలీ తారీఖ్" లాంటి కవితల్లో అత్తాకోడళ్ల గొడవను, జీతం రోజు మొగుడూ పెళ్లాల వాదనను వాళ్లు మాట్లాడుకునే భాషలోనే పెట్టాడు. వింటుంటే నవ్వొస్తుంది. చివరికొచ్చేసరికి గొంతులో ఏదో అడ్డం పడుతుంది. తర్వాతి తరంలో గౌస్ ఖామఖాహ్ ముషాయరాల్లో ఎక్కువగా నవ్వించిన షాయర్. 2017లో పోయారు.

ఇప్పుడు అసలు చిక్కు. ఖతీబ్ సంకలనం "కేవ్డే కా బన్" ఉర్దూ లిపిలో ఉంది. షగూఫా సంచికలన్నీ ఉర్దూ లిపిలోనే. మరి ఖమ్మంలోనో, కర్నూలులోనో, నల్గొండలోనో తెలుగు మీడియంలో, ఇంగ్లిష్ మీడియంలో చదువుకున్న మన పిల్లల సంగతి? ఇంట్లో మాట్లాడేది దక్కనీ. చదవగలిగేది తెలుగు. ఉర్దూ పేజీ ముందు పెడితే కుడి నుంచి చదవాలని తెలుసు, అంతకు మించి కష్టం. తమ నవ్వు మొత్తం తాము చదవలేని లిపిలో ఉంది.

కానీ షాయరీ చెవితో వినేది. స్టేజి మీద చెప్పిన మాటకు లిపి ఉండదు. పుస్తకం మూసుకుపోయిన చోట లైవ్ షో, రికార్డింగ్ తలుపు తీస్తాయి.

పైగా తెలుగు వచ్చినవాళ్లకు దక్కనీ జోకు ఢిల్లీవాళ్ల కంటే తొందరగా అందుతుంది. ఉదాహరణకు "ఆతుం బోల్కే బోలా" తీసుకోండి. తెలుగులో "వస్తానని చెప్పాడు". మన "అని" ఎక్కడుందో వాళ్ల "బోల్కే" అక్కడే ఉంది. ఢిల్లీ ఉర్దూలో ముందు "ఉస్నే కహా కే" అని మొదలుపెట్టి తర్వాత విషయం చెబుతారు. దక్కనీలో విషయం ముందు, అన్నవాడు తర్వాత, తెలుగులాగే. శతాబ్దాలు పక్కపక్క ఇళ్లలో బతికితే వాక్యాలు కూడా ఇలా ఒకదాన్నొకటి చూసి నేర్చుకుంటాయి. ఇక "పర్సోం" సంగతి తెలిసిందే. వేరే ఊళ్లో అది మొన్న, లేదా ఎల్లుండి. హైదరాబాద్‌లో అది నిన్న కాక మొన్న కావొచ్చు, పదేళ్ల కిందట కావొచ్చు. ఈ ఒక్క మాట మీద ఎంత మంది కమెడియన్లు బతికారో!

"ది అంగ్రేజ్" సినిమా ఈ భాషను ఊరంతా తిప్పింది. తీసింది కుంట నిఖిల్. చార్మినార్ దగ్గర కూర్చుని గొప్పలు పోయే ఇస్మాయిల్ భాయ్‌గా ధీర్ చరణ్ శ్రీవాస్తవ్, సలీం ఫేకూగా మస్త్ అలీ ఇప్పటికీ మీమ్స్‌లో బతికే ఉన్నారు. నాకూ ఇష్టమే. కాకపోతే ఫోన్‌లో ఆల్గారిథమ్ మనకు చూపించేది ఆ సినిమాలోంచి కోసిన అర నిమిషం ముక్కలే, అందులోనూ గాలీలున్న ముక్కలు. అది చూసి పెరిగిన పిల్లాడు దక్కనీ అంటే గల్లీలో పనిలేనివాడు మాట్లాడే భాష అనుకుంటాడు. ఖతీబ్ గురించి ఆల్గారిథమ్ తనంతట తాను చెప్పదు. ఎవరో ఒక మనిషి చెప్పాలి.

అందుకే హైదరాబాద్ కమెడియన్లు తమ వారం చిట్టాలో ఒక్క దక్కనీ ముక్క చేరిస్తే బాగుంటుందని నా కోరిక. వాళ్లు చెప్పేదాకా నేను చెప్పేవి ఇవి.

ఖామఖాహ్ ముషాయరా వీడియో ఒకటి పూర్తిగా చూడండి, ముక్కలుగా కాదు. ఖతీబ్ "సాస్ బహు" ఎవరు చదివిన రికార్డింగ్ దొరికినా ఇంట్లో పెద్దవాళ్ల పక్కన కూర్చుని వినండి. అర్థం కాని మాట నానీమాను, దాదీమాను అడిగితే ఆ మాటతో పాటు ఇంకో రెండు కథలు వస్తాయి. "అంగ్రేజ్" మొత్తం ఒకసారి చూడండి, కొన్ని చోట్ల మాటలు మొరటు, చిన్నపిల్లలు పక్కన లేనప్పుడు. ఇప్పటివాళ్లలో ఇండోర్ జాకిర్ ఖాన్ షోకు ఇంటిల్లిపాదీ కూర్చోవచ్చు. 2025 ఆగస్టులో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో హిందీలోనే షో చేసి వచ్చాడు. తాత మొయినుద్దీన్ ఖాన్ పేరున్న సారంగీ విద్వాంసుడు. ఉరూజ్ అష్ఫాక్ 2023లో ఎడిన్‌బరో కామెడీ అవార్డుల్లో కొత్త కమెడియన్ల బహుమతి గెలిచింది. ఆమె మాట కొంచెం ఘాటు, పెద్దపిల్లలకు మాత్రమే.

బయటికి వెళ్లాలంటే బంజారాహిల్స్‌లో 2010లో మొదలైన లామకాన్ ప్రోగ్రాముల లిస్టు చూడండి. నాటకం, ముషాయరా, స్టాండప్ అన్నీ అదే ఆవరణలో జరుగుతాయి, టికెట్ జేబుకు బరువు కాదు. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నాంపల్లిలో నుమాయిష్ ఎలాగూ ఉంటుంది. బట్టలు, డ్రైఫ్రూట్స్ కొనడం అయ్యాక ఆ సాయంత్రం స్టేజి మీద ఏముందో కూడా అడగండి. షో బాగుంటే ఇంకో ఇద్దరికి చెప్పండి. ఎందుకు బాగుందో కూడా చెప్పండి, జోకు మాత్రం చెప్పేయకండి.