వృద్ధాశ్రమములో నమోదు పుస్తకము

60 కిలోల బరువుగల ఒక వృద్ధురాలు ఆశ్రమములో చేరినదనుకొనుడు. నెల గడచిన పిమ్మట తూచగా 59 కిలోలు. మరుసటి నెల 58. నెలకు ఒక కిలో తగ్గుట ఎవరి కంటికిని ఆనదు; రోజూ చూచువారికి అసలే ఆనదు. ఆరు నెలలు నిండుసరికి ఆమె బరువు 54 కిలోలు. అనగా నూటికి పది వంతులు తరిగిపోయినది. అమెరికా శుశ్రూషాలయములలో నెలకు నూటికి 5 వంతులుగాని, ఆరు నెలలలో 10 వంతులుగాని బరువు తగ్గినచో దానిని ప్రమాదచిహ్నముగా ఎంచి కారణము వెదకుదురు. నెల లెక్కలో ఈమె ఎన్నడును పట్టుబడదు. ఆరు నెలల లెక్కలోనే పట్టుబడును. కట్టుడుపళ్లు వదులై యుండవచ్చును, మ్రింగుట కష్టమై యుండవచ్చును, క్రొత్తగా మొదలిడిన మందు ఆకలిని చంపి యుండవచ్చును. అది బయటపడుటకు కావలసినది ఒక త్రాసు, తేదీలు వేసి వరుసగా వ్రాసిన ఏడు అంకెలు మాత్రమే.

బరువును త్రాసు చెప్పును. మరి మనిషి శక్తిని కొలుచుట ఎట్లు? ‘బాగానే యున్నాడు’, ‘నీరసించినాడు’ అను మాటలు వ్రాయువారి మనస్సునుబట్టి మారుచుండును. సిడ్నీ కాట్జ్ అను అమెరికా వైద్యుడు సహచరులతో కలిసి 1963లో ప్రకటించిన పట్టిక ఈ చిక్కును చాలవరకు తీర్చినది. స్నానము, బట్టలు ధరించుట, మరుగుదొడ్డికి పోవుట, మంచముమీదినుండి కుర్చీలోనికి మారుట, మలమూత్రములపై అదుపు, భోజనము — ఈ ఆరింటిలో వేనిని తనంతట చేసికొనగలడు, వేనికి సాయము కావలెను అని మాత్రమే అందులో గుర్తింతురు. జబ్బునుండి కోలుకొనువారికి భోజనము, మలమూత్రములపై అదుపు ముందుగను, స్నానము, బట్టలు ధరించుట చివరగను తిరిగి అలవడునని కాట్జ్ గమనించెను. పసిబిడ్డ ఎదుగుదలలోని వరుసయు ఇంచుమించు ఇట్టిదే! కనుక నిన్నటివరకు స్వయముగ స్నానము చేసినవారికి నేడు సాయము కావలసివచ్చినదన్న నమోదును చులకనగా చూడరాదు. పీటపై కూర్చుండి చెంబుతో నీళ్లు పోసికొని లేచుట మోకాళ్లకు మరింత కష్టమైన పని. మన ఆశ్రమములవారు ఆ సంగతినికూడ వ్రాసికొనుట మేలు.

మందుల పట్టికలో మరింత జాగ్రత్త అవసరము. ఉదయము రక్తపోటు మాత్ర ఇచ్చి, వ్రాయకుండ పరిచారిక ఇంటికి పోయినచో, తరువాత వచ్చినామె ఇయ్యలేదనుకొని మరల ఇచ్చును. రక్తపోటు అమితముగ పడిపోవచ్చును; వృద్ధుడు లేవబోయి తూలిపడవచ్చును; తుంటి యెముక విరుగవచ్చును. ఆ వయస్సులో అట్లు మంచమెక్కినవారిలో కొందరు తిరిగి లేవరు. అందువలన మాత్ర మ్రింగినవెంటనే వేళ వేసి సంతకము చేయవలెను. ముందుగనే సంతకములు చేసియుంచుట వట్టి అబద్ధము. వద్దని త్రోసివేసిన మాత్రనుకూడ వ్రాయవలెను. తప్పుపడినచో రబ్బరుతో చెరుపరాదు. పాత వ్రాత కనబడునట్లు ఒక్క గీత గీచి, ప్రక్కన సరియైనది వ్రాసి, తేదీయు సంతకమును ఉంచవలెను. ప్రయోగశాల నోటుపుస్తకమునకును ఇదే నియమము.

భారతదేశములో 2007 నాటి చట్టము నిరుపేద వృద్ధులకై జిల్లాకొక్కటియైనను, కనీసము 150 మందికి చోటుగల ఆశ్రమములను నెలకొల్పుటకు ప్రభుత్వములకు వీలు కల్పించినది. అంతమందిని నెలకొకసారి తూచినను ఏడాదికి 1,800 నమోదులు! ఒకరి అంకె మరొకరి పుటలో పడకుండుటకు ప్రతివారికి వేరు పుస్తకము, పై పుటలో ఫొటో ఉండుట మంచిది. ఆ పుటలోనే వారి మాతృభాష, సరిపడని మందులు, పిలిపించుకొను పేరు, కాఫీలో చక్కెర వేయవలెనా వద్దా అనునవికూడ చేరిననాడే వారిచేత చెప్పించి వ్రాసికొందురు. మతిమరుపు ముదిరిన పిదప అడిగిన, చెప్పువారుండరు.