పాత బుల్లెట్ నిలకడ తప్పినప్పుడు

చౌరస్తాలో ఎర్రదీపం వెలుగుతుంది. పాత బుల్లెట్ ఆగుతుంది. రెండు మూడు నిండైన చప్పుళ్లు, ఒక తడబాటు, ఒక దగ్గు, పిమ్మట నిశ్శబ్దం. వెనుక బస్సు హారన్ మోగుతూండగా చోదకుడు చెమటలు కక్కుతూ కిక్ కొడుతూంటాడు. మరునాడు షెడ్డులో ఈ జబ్బుకు జరిగే వైద్యం దాదాపు దేశమంతటా ఒక్కటే: కార్బురేటర్ స్క్రూను అర చుట్టు తిప్పి, 'స్లో' పెంచి పంపివేయడం. బండి ఇక ఆగిపోదు. జబ్బు మాత్రం లోపలే ఉండిపోతుంది.

అది ప్రమాదకరమైన జబ్బే కావచ్చు. గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైన మిశ్రమంతో నడిచే ఇంజన్ మితిమీరి వేడెక్కుతుంది. దూరప్రయాణంలో పిస్టన్ సిలిండర్‌ను పట్టివేస్తే వెనుక చక్రం హఠాత్తుగా బిగుసుకుపోతుంది. అటువంటి ముప్పును స్లో చప్పుడు ముందుగానే తెలియజేస్తుంది; స్క్రూ తిప్పడమంటే ఆ హెచ్చరిక నోరు నొక్కడమే.

1955లో మద్రాసులో నెలకొన్న ఎన్‌ఫీల్డ్ ఇండియా తయారుచేసిన 350 బుల్లెట్ ఒంటి సిలిండర్ యంత్రం. సిలిండర్ వ్యాసం 70 మిల్లీమీటర్లు, పిస్టన్ కదిలే దూరం 90. నిమిషానికి 900 చుట్లు తిరిగే వేళ అందులో జరిగే పేలుళ్లు 450. అనగా సెకనుకు ఏడెనిమిది. నాలుగు సిలిండర్ల కారులో ఒకటి తప్పినా తక్కిన మూడూ ఆ లోపాన్ని కొంత కప్పిపుచ్చుతాయి. ఇక్కడ ఆ అవకాశం లేదు. ఒక్క పేలుడు తప్పినా చెవికి తెలుస్తుంది.

కావున మొదట చేయవలసింది పనిముట్లు తీయడం కాదు, తడబాటు ఎప్పుడు వస్తున్నదో గమనించడం. చోక్ వేసినంతసేపు బాగుండి, తీయగానే ఆగిపోతే పెట్రోలు చాలడం లేదన్నమాట. వేగంలో నిక్షేపంగా పోతూ, ఆగినప్పుడు మాత్రమే మొరాయిస్తే అనుమానం స్లో జెట్టు మీదికి పోతుంది. ఉదయం బాగుండి, వేడెక్కిన పిమ్మట చెడితే కండెన్సరునూ ట్యాపెట్లనూ చూడాలి.

అందరూ మరచిపోయే చోటు ఒకటి ఉన్నది: కార్బురేటర్ సిలిండర్ హెడ్‌తో కలిసే అతుకు. అక్కడ ఉన్నవి రెండే నట్లు. విప్పిన ప్రతివారూ వాటిని వెనుకటికంటె ఇంకాస్త గట్టిగా బిగిస్తారు. ఏళ్లు గడిచేసరికి మెత్తని లోహపు అంచు విల్లులా వంగి, నడుమ సన్నని సందు ఏర్పడుతుంది. దానిగుండా దొంగగాలి లోపలికి పోతుంది. దీన్ని పట్టుకోవడం సులభం. ఇంజన్ స్లోలో నడుస్తూండగా అతుకు చుట్టూ నాలుగు చుక్కల ఇంజన్ ఆయిల్ వేయాలి. చప్పుడు మారితే దొంగ దొరికినట్టే. కొందరు ఇందుకు పెట్రోలు చల్లుతారు. వేడి ఇంజన్ మీద అంతకు మించిన తెలివితక్కువ పని లేదు. వంగిన అంచును దళసరి గాజుపలక మీద పరచిన సన్నని ఎమరీ కాగితంపై రుద్ది చదును చేసి, కొత్త ప్యాకింగ్ వేస్తే చాలు.

తరువాత నిప్పురవ్వ. ప్లగ్ కొన లేత గోధుమరంగులో ఉంటే మిశ్రమం సరిగా ఉన్నట్టు. మసిబారితే పెట్రోలు ఎక్కువ, తెల్లబారితే తక్కువ. కుడిప్రక్క మూత క్రింద ఉన్న పాయింట్లు పూర్తిగా తెరుచుకున్నప్పుడు వాటి నడుమ 0.35 నుండి 0.40 మిల్లీమీటర్ల ఎడం ఉండాలి. ఫీలర్ గేజ్‌తో కొలవవలసిందే. కంటితో కుదిరే పని కాదు. ఇంజన్ నడిచేటప్పుడు పాయింట్ల వద్ద మెరుపులు జోరుగా కనిపిస్తే కండెన్సరు మార్చాలి.

ట్యాపెట్లను పూర్తిగా చల్లారిన ఇంజన్‌లోనే సరిచూడాలి. పిస్టన్ కంప్రెషన్‌లో పైకి వచ్చి ఉండగా పుష్‌రాడ్ వేళ్లతో తేలికగా తిరగాలి, క్రిందికీ మీదికీ ఆడకూడదు. బిగువుగా ఉన్న వాల్వు వేడికి పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ జారిపోతుంది.

ఇవన్నీ అయ్యాకనే కార్బురేటర్ వంతు. స్లో జెట్టు రంధ్రం వెంట్రుకవాసి. అందులో సూదీ తీగా దూర్చితే మెత్తని ఇత్తడి అరిగి కొలత శాశ్వతంగా మారిపోతుంది. శుభ్రమైన పెట్రోలుతో కడిగి గాలి ఊదాలి. మిక్‌కార్బ్ అమర్చిన బండ్లలో ఎయిర్ స్క్రూను మృదువుగా చివరిదాకా బిగించి, ఒకటిన్నర చుట్టు వదలాలి. ఇంజన్ బాగా వేడెక్కాక ఇటూ అటూ కొద్దికొద్దిగా తిప్పి, చప్పుడు అతి వేగంగా, నిలకడగా వినిపించే చోట ఆపాలి. వేగాన్ని తగ్గించడానికి స్లో స్క్రూ వేరే ఉన్నది.

ఈ పాత యంత్రాలకు ఇటీవల ఇంకొక చిక్కు వచ్చింది. ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు 2023 ఫిబ్రవరిలో బంకుల్లో అడుగుపెట్టి, 2025 నాటికి దేశమంతటా వ్యాపించింది. ఇథనాల్‌లో ప్రాణవాయువు ఉన్నందున పాత జెట్ల కొలతకు మిశ్రమం మరికొంత పలచబడుతుంది. అది తేమను పీల్చుకుంటుంది కూడా. నెలల తరబడి నిలిపి ఉంచిన బండిలో ట్యాంకు తుప్పు, పాత రబ్బరు గొట్టాల నలుసులు జెట్టును మూసివేయవచ్చు. అటువంటి బండికి ట్యాంకు ఖాళీచేసి, గొట్టం మార్చి, కొత్త ఫిల్టరు వేసిన తరువాతనే పై పరీక్షలన్నీ.

అన్నీ సరిగా ఉండి కూడా స్లో పడుతూ లేస్తూ ఉంటే కార్బురేటర్ స్లైడును పట్టుకుని ఊపి చూడాలి. అది తన గదిలో గలగలలాడితే అంచుల వెంట గాలి చొరబడుతున్నదని అర్థం. దానికి ఏ స్క్రూ వల్లా విరుగుడు లేదు, కార్బురేటర్‌ను మార్చవలసిందే.