అద్దె యిల్లు: రైతునకు రెండవ తోట



2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినప్పుడు ఉద్దానపు కొబ్బరి, జీడి తోటలు నేలకూలిన సంగతి మనమెవ్వరమును మరువజాలము. దేశవాళి కొబ్బరి నాటిన ఆరేడేండ్లకు గాని కాపునకు రాదు. ఆ నడుమ సంసారము దేనిపై నడువవలెను? ఈ ప్రశ్నయే మమ్ము మరల ఇండ్ల బేరమువైపు త్రిప్పినది.

మరల యనుటకు కారణము కలదు. పూర్వము మేము వాయిదాలపై ఒక ఖాళీ స్థలము కొంటిమి. అది అనుమతి లేని లేఅవుటని పిమ్మట తెలిసినది. అమ్ముదమన్న కొనువాడు లేడు. అద్దె యన్నమాట లేనే లేదు. ఇక నీ జోలికి పోరాదని ఒట్టు పెట్టుకొంటిమి. నిదానముగా నాలోచింపగా, తప్పు స్థలముది కాదు, ధర పెరుగునను మా యాశదే యని తోచినది. 2023 ఏప్రిలులో మూలపేట రేవునకు శంకుస్థాపన జరిగినదని విని టెక్కలి చుట్టుపట్ల స్థలములు కొనగోరువారును ఈ మాట గమనింపవలెను.

ఖాళీ స్థలమువలె గాక, వాటాల యిల్లు నెలనెలా ఫలమిచ్చును. పలాస-కాశీబుగ్గలో జీడిపప్పు కార్ఖానాల పనివారికి, రైల్వే ఉద్యోగులకు, ఉపాధ్యాయులకు, 2023 డిసెంబరులో ప్రారంభమైన 200 పడకల కిడ్నీ ఆసుపత్రి సిబ్బందికి చిన్న వాటాలు కావలసియుండును.

అయినను లెక్క చూడక దిగరాదు. ఉదాహరణకు, స్థలముతో గూడ 30 లక్షలైన నాలుగు వాటాల యిల్లనుకొందము. వాటాకు నెలకు 4,000 రూపాయల చొప్పున ఏటికి 1,92,000. ఒక వాటా మూడు నెలలు ఖాళీయైన 12,000 పోవును. మరమ్మతులకు, ఇంటిపన్నుకు, నీటి మోటారుకు 30,000 తీసివేయుడు. మిగులునది 1,50,000, అనగా నూటికి అయిదు. ఇందు సగము సొమ్ము నూటికి తొమ్మిది వడ్డీకి తెచ్చినచో వడ్డీయే 1,35,000 అగును. చేతికి వచ్చునది 15,000 మాత్రమే. అసలు తీర్చుటకు దారి యేది?

కావున అప్పు స్వల్పముగా నుండవలెను. కొనుటకు ముందు ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు, పురపాలక సంఘపు అనుమతి స్వయముగా చూచుకొనవలెను. అద్దెకిచ్చునప్పుడు కాగితము వ్రాయించుకొనవలెను. దానిని రిజిస్టరు చేయింపవలెను. నీటి వసతి లేని యింటికి ఎవ్వరును రారు.

తోట పడిపోయిన యేట ఇంటి అద్దె కొంత ఆదుకొనును. ఆ యింటికొరకు తోటనే తాకట్టు పెట్టినచో, మరియొక తుపానులో రెండును పోవును.