ముందు ఏ పని?

బైబిలులో సామెతల గ్రంథం 24వ అధ్యాయం 27వ వచనంలో పనుల వరస ఉంది. ముందు పొలం పని సిద్ధం చేసుకోవాలి, ఇల్లు కట్టుకోవడం తర్వాత అని దాని భావం.

ఎందుకంటే ఇల్లు కొన్నాళ్ళు ఆగుతుంది. విత్తే అదను ఆగదు. అది తప్పితే ఏడాదంతా తిండి ఉండదు. మా అయ్యకి చదువు రాదు. అయినా వాన పడిందంటే, ఇల్లు కారుతున్నా ముందు అరక కడతాడు.

మన హాస్టల్లో అదను అంటే స్టడీ అవరే. బట్టలుతకడం, పేలు చూసుకోవడం, కబుర్లు ఆదివారం దాకా ఆగుతాయి. రాని లెక్క ఆగదు. సెలవులకి ఇంటికెళితే చెప్పేవాళ్ళు ఉండరు. మా ఇంట్లో చదివినవాళ్ళే లేరు. అందుకే నేను రాని లెక్కే ముందు తీస్తాను, వచ్చినవి తర్వాత.

ఆ వచనం ఇల్లు కట్టొద్దనలేదు, తర్వాత కట్టమంది. మనమూ కబుర్లు మానొద్దు, తర్వాత చెప్పుకుందాం.

– 9వ తరగతి విద్యార్థిని