ఇల్లు, పిల్లలు, ట్రయథ్లాన్

బిడ్డా, ట్రయథ్లాన్ అంటే ముందు ఈత, వెంటనే సైకిలు, దిగీ దిగగానే పరుగు. నడుమ బట్టలు, బూట్లు మార్చుకునే సమయం కూడా లెక్కలోకే వస్తుంది. మొదటిసారి దిగేవాళ్లకు సరిపడేది స్ప్రింట్ అనే చిన్న పందెం: 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిలు, 5 కిలోమీటర్ల పరుగు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో చేరిన పందెం దీనికి సరిగ్గా రెట్టింపు. 2019లో గోవాకూ వచ్చిన ఐరన్‌మ్యాన్ 70.3 ఇంకా పెద్దది. అందులో సైకిలే 90 కిలోమీటర్లు. నీ చూపు ఇప్పుడు చిన్నదాని మీదే ఉండాలి.

మన మోత్కూర్ లాంటి చిన్న ఊళ్లో ఉంటూ, పొద్దున పిల్లలను బడికి తయారుచేసి, పగలంతా కొలువో వ్యవసాయమో చూసుకొని, రాత్రి హోంవర్క్ చేయించే మనిషికి ఇది అయ్యే పనేనా అంటే, అవుతుంది. ఎట్లాగో చెప్తా.

మన కండరాల కణాల్లో మైటోకాండ్రియా అనేవి ఉంటాయి. తిన్న తిండిని ఆక్సిజన్‌తో కలిపి శక్తిగా మార్చేది అవే. 1967లో జాన్ హాలొజీ అనే అమెరికా శాస్త్రవేత్త ఎలుకలను కొన్ని వారాల పాటు ట్రెడ్‌మిల్ మీద ఉరికించి చూస్తే, వాటి కండరాల్లో ఈ పని చేసే ఎంజైములు దాదాపు రెట్టింపయ్యాయి. పెళ్లికి జనం పెరిగితే వంటవాళ్లు ఇంకో రెండు పొయ్యిలు రాజేసినట్టు, పని పెరిగేకొద్దీ కండరం కూడా ఏర్పాటు పెంచుకుంటుంది. అయితే ఆ పెంచుకోవడం ఉరికేటప్పుడు జరగదు, ఆ తర్వాత తిని పడుకున్నప్పుడు జరుగుతుంది. అందుకే ఆదివారం ఒక్కరోజే మూడు గంటలు ఒళ్లు హూనం చేసుకొని వారమంతా వదిలేయడం కన్నా, వారంలో నాలుగైదు రోజులు అరగంట, ముప్పావుగంట చేస్తే మేలు. పిల్లలున్న ఇంట్లో దొరికే తీరిక కూడా అంతే కదా!

కొత్తవాళ్లను ఎక్కువ భయపెట్టేది ఈత. మన పల్లెల్లో నడుముకు ఎండు సొరకాయ కట్టుకొని బాయిలో ఈత నేర్చినవాళ్లు ఎందరో ఉన్నారు. కానీ వాళ్లు తల పైకెత్తి ఈదుతారు. పందెంలో ముఖం నీళ్లలో పెట్టాలి. అప్పుడు పాతిక మీటర్లకే ఆయాసం వస్తుంది. గాలి చాలలేదనుకొని ఇంకా ఇంకా పీల్చబోతారు. అసలు కారణం వేరు. లోపలి గాలిని పూర్తిగా వదలకపోవడంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పోగవుతుంది. ఊపిరి కోసం తహతహ పుట్టించేది ముఖ్యంగా అదే. మందు కూడా అక్కడే ఉంది: ముఖం నీళ్లలో ఉన్నంతసేపూ ముక్కుతో, నోటితో బుడగలు వదులుతూ ఉండాలి, తల పక్కకు తిప్పినప్పుడు పీల్చుకోవడమొక్కటే మిగలాలి. ఇది కుదిరితే సగం ఈత వచ్చినట్టే. హైదరాబాద్‌కు చెందిన గోలి శ్యామల నడివయసులో ఈత నేర్చుకొని, 2021 మార్చిలో, 47 ఏళ్ల వయసులో శ్రీలంక నుంచి ధనుష్కోటి దాకా పాక్ జలసంధిని దాదాపు 14 గంటల్లో ఈది వచ్చారు. నీకు కావలసింది 750 మీటర్లే. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తున్నా: బాయిలో గానీ, బిక్కేరు వాగు మడుగుల్లో గానీ ఒంటరిగా దిగొద్దు. నేర్పే మనిషి ఉన్న కొలనులో నేర్చుకో, దానికోసం వారానికొకసారి పట్నం పోవాల్సి వచ్చినా సరే.

సైకిలుకు ఖరీదైన బండి అక్కర్లేదు. బ్రేకులు, టైర్లు బాగుండి, సీటు ఎత్తు సరిగ్గా ఉంటే చాలు. గంటకు 20 కిలోమీటర్ల వేగాన్ని 25కు పెంచితే, గాలిని చీల్చడానికి పెట్టాల్సిన శక్తి దాదాపు రెట్టింపవుతుంది. అక్కడ దూకుడు చూపిస్తే పరుగుకు కాళ్లలో ఏమీ మిగలదు. నిదానంగా తొక్కినా దిగగానే కాళ్లు మొద్దుల్లా అనిపిస్తాయి. నడుము వంచి గుండ్రంగా తిప్పడానికి అలవాటు పడ్డ కండరాలు ఒక్కసారిగా ఒంటి బరువు మోయాలి, నేల తాకిడిని ఓర్చుకోవాలి. నరాలు కొత్త లయను అందుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. అందుకే వారానికొకసారి పాలడుగు దిక్కో, దత్తప్పగూడెం దిక్కో సైకిలు తొక్కివచ్చి, ఇంటి ముందు దాన్ని నిలబెట్టి, వెంటనే పది నిమిషాలు ఉరుకు.

తిండి గురించి బెంగ వద్దు. కండరాల్లో, కాలేయంలో కలిపి దాదాపు అర కిలో గ్లైకోజెన్ నిల్వ ఉంటుంది. చిన్న పందేనికి అది సరిపోతుంది. రెండు మూడు గంటల ముందు జొన్న రొట్టో, అన్నమో, అరటిపండో తింటే చాలు. అసలు జాగ్రత్త ఎండతోనే. బయటి గాలి చర్మం కన్నా వేడిగా ఉన్నప్పుడు ఒంటి వేడిని దించేది చెమట ఆరడమొక్కటే. లీటరు చెమట ఆరితే 580 కిలోకేలరీల వేడి పోతుంది. ఆ చెమట తయారవడానికి నీళ్లూ, ఉప్పూ కావాలి. మన దిక్కు వేసవిలో సూర్యుడు రాకముందే సాధన ముగించు. వచ్చాక ఉప్పేసిన మజ్జిగ తాగు. బీపీ, షుగర్ ఉన్నా, నలభై దాటినా మొదలుపెట్టే ముందే డాక్టరుకు చూపించుకో.

ఈ ఆట పుట్టుకలోనే సంసారం ఉంది. 1974 సెప్టెంబర్ 25న అమెరికాలోని శాన్‌డియాగోలో జరిగిన తొలి ఆధునిక ట్రయథ్లాన్‌లో జాన్, జూడీ కాలిన్స్ దంపతులు పిల్లలతో సహా పాల్గొన్నారు. 1978లో హవాయిలో ఐరన్‌మ్యాన్ పందేన్ని మొదలుపెట్టిందీ ఆ ఇద్దరే. కాబట్టి ఇంట్లోవాళ్లతో ముందే మాట్లాడుకో. నువ్వు ఉరికే రోజు మీ ఆయన పిల్లలకు టిఫిన్ పెట్టాలి. ఆయన పొద్దుగాలే పనికి పోయే రోజు నువ్వు విశ్రాంతి తీసుకోవాలి. చంటిపిల్ల రాత్రంతా నిద్రపోనివ్వలేదా, తెల్లారి సాధన మానేసి పడుకో. ఒళ్లు ఎక్కువగా మరమ్మతయ్యేది గాఢనిద్రలో కనుక అది బద్ధకం కాదు, సాధనలో భాగమే.

ఈ వారానికి నీ పని ఒకటే. బేసిన్‌లో నీళ్లు పోసుకొని, ముఖం ముంచి, నెమ్మదిగా బుడగలు వదలడం నేర్చుకో. పిల్లలు కూడా పక్కన చేరితే చేరనీ, వాళ్లకూ అలవాటవుతుంది.