అటక మీది గాజులకు రెండో పని

కోరాపుట్, జయపురం, రాయగడ, గుణుపురాల్లో పాత తెలుగు ఇళ్లు సర్దడం మొదలుపెడితే అటక మీద నుంచి ఇత్తడి సామాను వెనకే గాజు సామాను దిగుతుంది. పాత పంచెల్లో చుట్టిన లాంతరు చిమ్నీలు, పెట్రోమాక్సు గాజులు, తెల్లటి పాలగాజు గ్లోబులు, అంచు ఒంపులు తిరిగిన పువ్వు షేడ్లు. పారేయడానికి మనసొప్పదు, ఉంచుకోవడానికి చోటుండదు. పాత సామాన్లు కొనేవాడు ఇత్తడి బర్నరును తూచి డబ్బిస్తాడు గానీ గాజును ముట్టుకోడు.

ఇక్కడి ఇళ్లలో ఇంత గాజు పోగుపడడానికి కారణముంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ప్రాంతం మద్రాసు రాజధానిలో, విశాఖపట్నం జిల్లాలో ఉండేది. జయపురం సరుకు సాలూరు ఘాటెక్కి వచ్చేది. రాయగడ మీదుగా పోయే విజయనగరం–రాయపూర్ రైలు మార్గం 1931లో పూర్తయింది. కరెంటు మాత్రం నిదానంగా వచ్చింది. ఆంధ్ర, ఒడిశా కలిసి కట్టుకున్న మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం కోరాపుట్ జిల్లాలోనే ఉంది, 1955లో పని మొదలుపెట్టింది. అయినా ఆ కరెంటు చుట్టుపక్కల పల్లెలకు చేరడానికి దశాబ్దాలు పట్టింది. చేరాక కూడా గాలివానకు తీగ తెగితే లాంతరే గతి. చిమ్నీ ఎప్పుడు పగులుతుందో తెలియదు కాబట్టి ఒకటికి రెండు కొని దాచుకునేవారు. కొన్ని ఫిరోజాబాద్ కొలిముల్లో ఊదినవి, కొన్ని మహారాష్ట్రలోని ఓగలేవాడిలో ‘ప్రభాకర్’ లాంతర్లతోపాటు తయారైనవి. మరికొన్ని జర్మనీ నుంచి ఓడెక్కి వచ్చాయి.

వీటితో ఇల్లూ తోటా అలంకరించుకునే చిట్కాలకు కొదవ లేదు. అందులో చాలావాటికి కోరాపుట్ వానలో ఒక్క ఏడాది కూడా ఆయుష్షుండదు. అందుకే నేను చిట్కాల దగ్గర మొదలుపెట్టను. ఆ గాజును మొదట ఏ పని కోసం తయారుచేశారో చూస్తే, ఇప్పుడు దానితో ఏం చేయించుకోవచ్చో, ఏం చేయించుకోకూడదో అక్కడే తెలిసిపోతుంది.

మామూలు గాజంటే ఇసుక, సోడా, సున్నం కలిపి కరిగించింది. వేడి తగిలితే బాగానే వ్యాకోచిస్తుంది. ఒకవైపు వేడెక్కి, పక్కనే చల్లగా ఉంటే ఆ రెండు భాగాల మధ్య లాగులాట మొదలై గాజు విచ్చిపోతుంది. కాలుతున్న చిమ్నీ మీద వానచుక్క పడితే టప్పున పగిలేది ఇందుకే. మంచి రకం పెట్రోమాక్సు గాజు ఇలా కాదు. అందులో బోరాన్ కలుస్తుంది, వ్యాకోచం మామూలు గాజులో మూడో వంతే. జర్మనీలోని యేనా ఊళ్లో ఒట్టో షాట్ పందొమ్మిదో శతాబ్దం చివర తయారుచేసిన ఈ రకం గాజుకు మొదటి పెద్ద గిరాకీ మాంటిల్ (మంట వేడికి తెల్లగా వెలిగే వల) ఉన్న దీపాల చిమ్నీల నుంచే వచ్చింది. ఇవాళ ప్రయోగశాలల్లో వాడే బీకర్లు ఆ వంశానివే.

పాలగాజుకు ఆ తెలుపు పై పూత వల్ల రాలేదు. ఫ్లోరైడు, ఎముకల బూడిద లాంటివి కలిపినప్పుడు గాజులో ఏర్పడే సూక్ష్మమైన రేణువులు వెలుగును చెదరగొడతాయి. పాతవాటిలో కొన్నిట సీసం, ఆర్సెనిక్ కూడా కలిపేవారు. పైన పువ్వులు వేసి ఉంటే ఆ రంగుల్లోనూ సీసం ఉండొచ్చు. కాబట్టి పువ్వు షేడును బోర్లించి గిన్నెలా వాడుకోవాలనిపిస్తే అందులో పూలు పెట్టండి, తాళాలు వేసుకోండి. ఊరగాయ, నిమ్మకాయ, చింతపండు లాంటి పులుపు మాత్రం ససేమిరా వద్దు. పులుపు ఆ సీసాన్ని బయటికి లాగుతుంది.

ఏ పనికి పెట్టినా ముందు ప్రాణముందో లేదో చూడాలి. కుండ కొనేటప్పుడు చేసే పరీక్షే ఇక్కడా పనికొస్తుంది. మెడ దగ్గర వేళ్లతో పట్టుకుని గోటితో కొట్టండి. ఖంగుమంటే బాగున్నట్టు, మొద్దుగా పలికితే ఎక్కడో బీట ఉన్నట్టు. వెంట్రుకవాసి బీటే కదా అని తీసుకెళ్లి తోటలో వేలాడదీస్తుంటారు. బీట మొనలోకి చేరిన తేమ గాజులోని బంధాలను ఒక్కొక్కటిగా తెంపుతూ పోతుంది. ఎవరూ ముట్టుకోకపోయినా బీట సాగుతూనే ఉంటుంది. నాలుగు నెలలు తడిసే ఊళ్లో బీటపడ్డ షేడును తల ఎత్తులో కట్టకండి.

శుభ్రం చేయడానికి మన పాత పద్ధతే మేలు. మెత్తగా జల్లించిన కట్టెల బూడిద, తడిగుడ్డ, ఆపైన పొడిగుడ్డ. బూడిదలోని క్షారం కిరసనాయిలు జిడ్డును విడగొడుతుంది. తెల్లటి ఉప్పునీటి మరకలకు నిమ్మరసం చాలు. అయితే ఒక జాగ్రత్త. కొన్ని షేడ్ల మీది పువ్వులు కొలిమిలో కాల్చినవి, కొన్ని ఉత్త రంగుతో దిద్దినవి. కనబడని మూల తడి దూదితో రుద్ది చూడండి. దూదికి రంగంటితే దాన్ని నీళ్లలో ముంచే ఆలోచన మానుకోవాలి.

పెట్రోమాక్సు విప్పుతుంటే లోపల పాత మాంటిల్ బూజులా వేలాడుతుంటుంది. ముట్టుకుంటే పొడై రాలుతుంది. పాత మాంటిళ్లలో ఎక్కువ భాగం థోరియం ఆక్సైడు. అది కొద్దిపాటి రేడియోధార్మికత ఉన్న పదార్థం. మన గంజాం జిల్లా ఛత్రపురం తీరపు ఇసుకలో దొరికే మోనజైటులో ఉండేది ఈ థోరియమే. మాంటిల్‌ను చూసి బెదిరిపోనక్కరలేదు, కానీ ఆ పొడిని ఊదడం, పీల్చడం కూడదు. ముక్కుకు గుడ్డ కట్టుకుని తడిగుడ్డతో తీసి, ఆ గుడ్డతో సహా సంచిలో మూతికట్టి పారేయండి. పిల్లల్ని దగ్గరికి రానీయకండి.

ఇక లాంతరు చిమ్నీ సంగతి. రెండు వైపులా తెరిచి ఉంటుంది కాబట్టి దీన్ని కుండీ చేయలేం. చాలామంది దీనితో ఏమీ కాదని పక్కన పెట్టేస్తారు. నా మటుకు అన్నిటిలో పనికొచ్చేది ఇదే.

కార్తీక మాసంలో తులసికోట దగ్గర ప్రమిద పెట్టేవాళ్లకు గాలితో వేగడం ఎంత కష్టమో తెలుసు. కోరాపుట్ కొండగాలికి వత్తి పట్టుమని పది నిమిషాలు నిలవదు. ప్రమిద మీద చిమ్నీ బోర్లిస్తే సరి అనుకుంటాం. బోర్లిస్తే దీపం మసిగక్కి ఆరిపోతుంది. కారణం చిన్నదే. మంట పైనున్న గాలి వేడెక్కి తేలికై పైకి పోతుంది, ఆ ఖాళీ నింపడానికి కింది నుంచి కొత్త గాలి రావాలి. చిమ్నీ అంచు నేలకు అతుక్కుని ఉంటే ఆ దారి మూసుకుపోతుంది. మూడు చిన్న గులకరాళ్ల మీద చిమ్నీ నిలబెడితే కింద వేలెడు సందు మిగులుతుంది. ఇప్పుడు గాలి కింద నుంచి లాక్కుని పైకి పోతుంది, మంట నిటారుగా నిలుస్తుంది, మసి తగ్గి వెలుగు పెరుగుతుంది. స్విట్జర్లాండుకు చెందిన ఎమే అర్గాండ్ 1780ల్లో తన దీపానికి గాజు గొట్టం తగిలించి యూరప్ ఇళ్లను వెలిగించింది ఈ కిటుకుతోనే. చిమ్నీ కింది మూతి వెడల్పు కంటే ప్రమిద చిన్నదై ఉండాలి, మంట గాజుకు తగలకూడదు. దీపం కొండెక్కిన వెంటనే చిమ్నీ ఎత్తి తడి గచ్చు మీద పెట్టకండి.

అదే చిమ్నీ పెరట్లో ఇంకో పని చేస్తుంది. కోరాపుట్ పట్నం సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది, రాయగడ 200 మీటర్ల దరిదాపుల్లో. రెండు చోట్లా తోటపని ఒక్కటి కాదు. పుష్యమాసపు చలిలో కోరాపుట్‌లో నాటిన టమాటా, మిరప నారు ముడుచుకుపోతుంది. పారిస్ చుట్టుపక్కల కూరగాయల రైతులు ఒకప్పుడు ఇలాంటి లేత మొక్కల మీద గంట ఆకారపు గాజులు బోర్లించేవారు. పగటి వేడి లోపల నిలిచి మొక్కను కాచేది. అయితే ఎండెక్కగానే గంట ఎత్తకపోతే మొక్క ఉడికిపోతుంది. చిమ్నీకి పైన మూత లేదు కాబట్టి ఆ బెంగ తక్కువ. చలిగాలిని ఆపుతుంది, ఎక్కువైన వేడిని పైనుంచి వదిలేస్తుంది. అంచును వేలెడు లోతు మట్టిలో నొక్కితే గాలికి పడిపోదు. రాయగడలో దీని అవసరం నాలుగు వారాలు కూడా ఉండదు. ఫాల్గుణం దాటాక అక్కడ గాజు బోర్లించడమంటే మొక్కను పొయ్యి మీద పెట్టడమే. పాలగాజు ఈ పనికి ఎక్కడా కొరగాదు, మొక్కకు కావాల్సిన వెలుగులో చాలాభాగం అదే తినేస్తుంది.

పాలగాజుకు తగింది దాని పాత ఉద్యోగమే, అంటే దీపం కప్పడం. పాత బల్బు తీసుకున్న కరెంటులో తొంభై శాతానికి పైగా వేడిగానే పోయేది, అందుకే మూతి ఇరుకు గ్లోబుల్లో నలభై వాట్లు మించితే గాజుకు ముప్పు. ఎల్ఈడీ వచ్చాక ఆ బాధ తీరింది, కొత్తది మొదలైంది. ఇప్పుడు వేడికి చెడేది గాజు కాదు, బల్బే. దాని అడుగున ఉండే చిన్న సర్క్యూటు వేడిని ఓర్చుకోలేదు. పూర్తిగా మూసిన గ్లోబులో తొమ్మిది వాట్ల బల్బు పెట్టి, ఏడాదికే పోయిందని కంపెనీని తిట్టుకోవడం మామూలైంది. అయిదు వాట్లది పెట్టండి, పైన గాలి ఆడే సందు వదలండి. వెలుగు పసుపు ఛాయలో ఉన్నది ఎంచుకోండి. తొలకరి వానల తరవాత ఉసుళ్లు నీలితెలుపు వెలుగు మీద పడ్డంతగా పసుపు వెలుగు మీద పడవు. పైకి తెరిచిన గిన్నె షేడులో ఒక్క రాత్రికి ఎన్ని రెక్కలు చేరతాయో ఇక్కడ ఉండేవాళ్లకు చెప్పనక్కరలేదు.

గ్లోబును పట్టి ఉంచే ఇత్తడి రింగుకు మూడు స్క్రూలుంటాయి. పాత గ్లోబులు మెడ దగ్గరే ఎక్కువగా పగలడానికి ఇవి కారణం. వేడికి ఇత్తడి గాజు కంటే సుమారు రెట్టింపు సాగుతుంది, చల్లారితే అంతే ముడుచుకుంటుంది. దీపం వెలిగి ఉండగా వదులైందని స్క్రూ బిగిస్తే రాత్రి చలికి రింగు గాజును నొక్కేస్తుంది. చల్లగా ఉన్నప్పుడు బిగించి, పావు చుట్టు వెనక్కి తిప్పి, స్క్రూ మొనకు సైకిలు ట్యూబు ముక్క తొడిగితే చాలు. వైరింగు మాత్రం ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి. పాత హోల్డరు, గుడ్డ చుట్టిన పాత వైరు తీసేయించి కొత్తవి వేయించాలి. ఈ దీపాలు చూరు కిందే ఉండాలి, వాన జల్లు కొట్టే చోట పనికిరావు.

వేలాడే కుండీగా వాడాలంటే పువ్వు షేడు బాగుంటుంది. మెడ కిందికి వచ్చేలా తిప్పితే అందులో ముందే రంధ్రం ఉంది, నీళ్లు దిగిపోతాయి. డైమండ్ బిట్టుతో కొత్త రంధ్రం వేయొచ్చంటారు. లోపల ఎక్కడ బిగువుందో తెలియని పాత గాజు మీద ఆ ప్రయోగం నాకిష్టం లేదు. గాజులో నేరుగా మట్టి నింపితే వెలుగుకు వేళ్ల చుట్టూ పాచి పడుతుంది, చిన్న మట్టికుండీని లోపల దింపడం నయం. గ్లోబు మెడ మూసి నీళ్లు నింపి వేలాడదీయాలనుకునే వాళ్లు ఒక లెక్క వేసుకోవాలి. పాతిక సెంటీమీటర్ల వ్యాసమున్న గ్లోబులో ఎనిమిది లీటర్లు పడతాయి, అంటే ఎనిమిది కిలోలు. మూడు స్క్రూలు మోసే బరువు కాదది. పైగా నీళ్లు నింపిన తేట గాజు గోళం భూతద్దంలా పనిచేస్తుంది. రాయగడ ఎండలో పక్కన ఎండుగడ్డి ఉంటే అంటుకోవడానికి ఎంతోసేపు పట్టదు.

మూతి వెడల్పున్న తేట గాజు గ్లోబు దొరికితే ఇంట్లోనే చిన్న అడవి పెంచుకోవచ్చు. లండన్ వైద్యుడు నథానియల్ వార్డ్ 1829 ప్రాంతంలో మూతవేసిన సీసాలో ఫెర్న్ మొక్క దానంతటదే మొలిచి బతకడం గమనించాడు. లోపలి తేమ ఆవిరై గాజుకు పట్టి మళ్లీ మట్టిలోకే దిగుతుంది కాబట్టి రోజూ నీళ్లక్కరలేదు. తరవాత అలాంటి గాజు పెట్టెల్లోనే చైనా తేయాకు మొక్కలు హిమాలయాల దాకా ప్రయాణించాయి. అడుగున గులకరాళ్లు, కాసిన్ని బొగ్గు ముక్కలు, పైన మట్టి. వానాకాలంలో మన ప్రహరీల మీద మొలిచే ఫెర్నులు, నాచు చాలు. దేవ్‌మాలి కొండల ఆర్కిడ్లను పెకలించి తేవొద్దు, గాజులో అవి ఎలాగూ బతకవు. నేరుగా ఎండ తగిలే కిటికీలో పెట్టకండి.

దోమల సంగతి చూడకుండా కోరాపుట్, రాయగడ జిల్లాల్లో తోటపని లేదు. మలేరియాకు ఇవి చాలాకాలం పేరుమోసిన ప్రాంతాలు. 2017లో ఒడిశా ప్రభుత్వం మారుమూల ఊళ్ల కోసం ‘దమన్’ కార్యక్రమం మొదలుపెట్టింది ఆ జ్వరం మీదే. ఇక్కడ మలేరియా మోసే ముఖ్యమైన దోమ కొండవాగుల్లో, గెడ్డల్లో పుడుతుంది, దానికీ మన షేడుకీ సంబంధం లేదు. డెంగీ దోమకు మాత్రం అరచేతి లోతు నీళ్లు చాలు. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. కాబట్టి మెడ మూసి పిట్టలకు నీళ్లు పెట్టిన షేడును వారానికి రెండుసార్లయినా ఒంపేయాలి. ఒంపితేనే సరిపోదు. ఆ గుడ్లు నీటిమట్టానికి పైన గాజు గోడకు అంటుకుని ఎండలోనూ నెలల తరబడి బతుకుతాయి, పీచుతో రుద్ది కడగాలి. అడుగున గులకరాళ్లు వేస్తే నున్నటి గాజు మీద పిట్టల కాళ్లు జారవు.

ట్యూబులైట్లు, సీఎఫ్ఎల్ బల్బులను ఈ జాబితాలోకి తేకండి. వాటిలో పాదరసముంది.

పగిలినవాటికి కాగితం చుట్టి, పైన ‘గాజు’ అని రాసి ఇస్తే చెత్త ఎత్తేవాళ్ల చేతులు తెగవు. సీసాల గాజు కొనేవాళ్లకు చిమ్నీ ముక్కలు ఇవ్వొచ్చు, పెట్రోమాక్సు గాజు మాత్రం అందులో కలపకూడదు. అది కరగడానికి ఎక్కువ వేడి కావాలి. సీసాల కొలిమిలో సగం కరిగి ముద్దలా మిగిలి, పోసిన కొత్త సీసాల్లో గట్టి పలుకులై నిలిచిపోతుంది.