హంగేరియన్‌లో ముగ్గురు ‘మనిషి’

హంగేరియన్ భాషలో మనిషిని ‘ఎంబెర్’ అంటారు. మనుషులైతే ‘ఎంబెరెక్’. చివర క్ చేరితే బహువచనం, అంతే. అయితే ముగ్గురు మనుషులు వస్తున్నారని చెప్పాలంటే ‘హారొమ్ ఎంబెర్’ అని, క్రియను కూడా ఏకవచనంలోనే వాడతారు. మన లెక్కలో అది ‘మూడు మనిషి వస్తున్నాడు’ అన్నమాట. ‘చాలా’ అనే మాట ముందున్నా అంతే. ఒకరికంటే ఎక్కువని సంఖ్యే చెప్పేసింది కదా, క్ మళ్ళీ ఎందుకు? ఈ పొదుపు నాకు భలే నచ్చింది.

జంటగా ఉండే అవయవాల దగ్గర పొదుపు ఇంకా ముదురుతుంది. మనిషికున్న రెండు కళ్ళనూ కలిపి ‘సెమ్’ అని ఏకవచనంలోనే అనడం వాళ్ళకు మామూలు. మరి ఒంటికన్నువాడిని ఏమంటారు? సగం కన్నువాడు అంటారు!

క్ ఒక్కటే అయినా, దాని ముందు వచ్చే అచ్చు మాత్రం మారుతుంది. తోట ‘కెర్త్’, తోటలు ‘కెర్తెక్’. దుకాణం ‘బొల్త్’, దుకాణాలు ‘బొల్తొక్’. నాలుక ముందుభాగం లేచి పలికే ఎ వంటి అచ్చు పదంలో ఉంటే ప్రత్యయానిదీ అలాంటిదే; వెనకభాగం లేచి పలికే ఒ వంటిదుంటే దానికి తగ్గదే. దీన్నే అచ్చుల సామరస్యం అంటారు. తెలుగులోనూ ఇది ఉంది, కానీ తిరగేసి: మనిషికి ‘లు’ చేరగానే మనుషులు అవుతుంది. మన దగ్గర ప్రత్యయం పదాన్ని మారుస్తుంది, అక్కడ పదం ప్రత్యయాన్ని మారుస్తుంది. (పెదవులు గుండ్రంగా చుట్టి పలికే ఎకారం కూడా వాళ్ళకుంది. తెలుగులో దానికి అక్షరం లేదు కాబట్టి ఆ పదాల జోలికి పోను.)

ఇంకో చిక్కుంది. ఇల్లు ‘హాజ్’ బహువచనం ‘హాజొక్’ కాదు, ‘హాజక్’. దారి ‘ఊత్’కు ‘ఉతక్’. ఈ అకారం ఎక్కడిది? జవాబుకు ఒక పాత శాసనపత్రం సాయపడుతుంది. 1055లో ఆండ్రూ రాజు బాలతొన్ సరస్సు ఒడ్డున తిహాన్య్‌లో బెనెడిక్టిన్ మఠాన్ని నెలకొల్పుతూ రాయించిన పత్రం అది. భాష లాటినే అయినా, ఎల్లలు చెప్పే చోట హంగేరియన్ మాటలు దొర్లాయి. అందులో సైన్యం నడిచే దారి ‘హొదు ఉతు’. ఇప్పటి ‘హద్’, ‘ఊత్’ అప్పుడు అచ్చుతో ముగిసేవన్నమాట. పదాంతంలో ఆ అచ్చు తర్వాత రాలిపోయింది. క్ చాటున ఉన్నది మాత్రం రూపు మార్చుకుని నిలిచింది. ఉతక్‌లో వినిపించే అకారం దాని వారసుడేనని భాషాచరిత్రకారుల వివరణ. కాబట్టి ఏ పదానికి అకారమో సూత్రం పెట్టి తేల్చలేం, కంఠస్థం చేయాల్సిందే.

‘నా ఇళ్ళు’ అన్నప్పుడు క్ అసలు కనిపించదు: ‘హాజయిమ్’. అక్కడ బహువచనం పని ఇకారానిది.

మనం సుబ్బారావు వాళ్ళు అంటామే, దానికీ అక్కడ ప్రత్యయం ఉంది. ‘పేతెరెక్’ అంటే ఆ పేరున్న పలువురు పేతెర్‌లు. ‘పేతెరేక్’ అంటే ఒక్కడే పేతెర్, అతని ఇంటివాళ్ళు.